కాగితం దాకా రాని సిరా

రెండు ఎర్ర లైట్లు, ఒకటి ఆరగానే ఒకటి,
తోడికోడళ్ళు పంతానికి పోయినట్టు.
మార్తమ్మ ఫొటో నుదురు దాకా వచ్చి
అక్కడే ఆగింది.
కుట్టుమిషను లోను దరఖాస్తు అది.
పైన బ్యాంకు పేరు, పాపిడి, బొట్టు లేని నుదురు.
కళ్ళు ఇంకా ప్రింటర్లోనే ఉన్నాయి.

"మిగతా నేనేదీ?" అంది మార్తమ్మ.

కంప్యూటర్ తెర మీద చల్లగా ఒక మాట:
లోపలి భాగాల ఆయువు తీరింది.

ఆరేళ్ళు. కొరిటెపాడులో, ఈ ముందుగదిలో,
మార్చి వస్తే ఊరంతా తుమ్మే ఘాటులో
దాని మీద నా పాత చున్నీ కప్పి,
పని ఉన్నా లేకున్నా వారానికొక్క కాగితమైనా
నాలుగు రంగుల గీతలు తీయించి
గొంతెండకుండా కాపాడుకున్నాను.
రబ్బరు చక్రాలకు తడిగుడ్డ.
సిరా పోసేటప్పుడు ఊపిరి బిగబట్టడం.
గులాబీ రంగు ఒకసారి ఒలికిన మచ్చ
గచ్చు మీద ఇప్పటికీ ఉంది,
తుడిచిన ప్రతి పండక్కీ కొంచెం పెద్దదై.

అరండల్‌పేట యలమందకి ఫోను చేశాను.
"చావలేదక్కా. లెక్కపెట్టుకుంది, అంతే" అన్నాడు.

వచ్చి, వెనకమూల ఒకే ఒక్క మర ఊడదీసి
అగ్గిపెట్టెంత అర బయటికి లాగాడు.
పట్టకారుతో ఒక్కొక్కటే స్పాంజి ముక్కలు,
తారులో ముంచినట్టు.
ఆరేళ్ళలో వాటి మొహం నేను చూడలేదు.
తల శుభ్రం చేయించిన ప్రతిసారీ
కాగితం దాకా రాని సిరా ఇక్కడికొచ్చేదట.
డబ్బిచ్చి కొన్నదాంట్లో ఎంత అక్షరమైందో
ఎంత ఇది తాగిందో
నాకు తెలియదు గాని
మిషను రాసుకుంది, చుక్క చుక్కా.
లెక్క నిండిన రోజున నోరు మూసుకుంది.

"సాఫ్ట్‌వేర్‌తో సున్నా చేసేస్తే చాలదా?" అన్నాను.
"చాలామంది అంతే చేయించుకుంటారు.
నెల తిరక్కుండా బల్లంతా నల్లనీళ్ళు.
లెక్క మనం చెరిపితే చెరుగుద్ది,
స్పాంజికి తెలవదుగా."

పెరట్లో కుళాయి కింద కూర్చున్నాం.
ముందు నలుపు. పిండేకొద్దీ నలుపు.
పావుగంటకి దాని అడుగునున్న నీలం వదిలింది.
ఆ తర్వాత ఒక సన్నటి పసుపు చార,
ఏ దసరా సెలవులకు ఎండిపోయి
కడిగించుకున్న పసుపో,
తూము దాకా వెళ్ళి, కాస్త ఆగి, పోయింది.
నా గోళ్ళు నాలుగు రోజులు ఊదాగా ఉండబోతున్నాయని
అప్పుడు తెలియదు.

డాబా మీద పక్కింటి సుబ్బాయమ్మగారు
మిరపకాయలు ఎండబోసి ఉంది.
పట్టా మీద ఓ మూల చోటిచ్చింది.
"ఇవేం పచ్చడికి?" అంది.
గాలికి ఎగరకుండా తలా ఒక గులకరాయి.
మన ఎండ కదా, గంటకి పెళపెళలాడాయి.

తెర మీద నూరు శాతం సున్నా అయింది.
చప్పుడేమీ రాలేదు. ఏదైనా వస్తుందనుకున్నా.
పరీక్ష గీతల్లో పసుపు మెట్లు రెండు లేవు.
మళ్ళీ క్లీనింగ్ నొక్కబోతే చెయ్యి అడ్డం పెట్టాడు:
"ఊరికే నొక్కమాక అక్కా,
నొక్కిందల్లా మళ్ళీ దాని నోట్లోకే.
గొట్టంలో గాలి ఉంది.
రాత్రంతా వదిలెయ్, అదే దిగుద్ది."

పొద్దున్నే పళ్ళు తోముకోకుండా కాగితం పెట్టాను.
ఒక మెట్టు వచ్చింది. ఒకటి రాలేదు.
ఆ ఒక్కటి లేకుండానే మార్తమ్మ మొత్తం వచ్చింది:
కళ్ళు, కింద పెదవి మీద కాటు మచ్చ,
ఫొటో దిగేటప్పుడు తియ్యడం మరిచిన
మెడలో కొలతల టేపు,
పసుపుదే, కాస్త వెలిసి.

డబ్బులిచ్చి, నిన్నటి సగం కాగితం కూడా అడిగింది.
"అది పాడైందిగా, ఎందుకు?"
"కింద తెల్లగానే ఉందిగా."
నా పెన్ను తీసుకుని నిలబడే
తన నుదుటి కింద రాసుకుంది:
చెయ్యి తొమ్మిదిన్నర, నడుం ముప్పైనాలుగు.
శనివారానికి కావాలంట.